సీటీ నార్మల్ అంటే పక్షవాతం లేదని కాదు

సంపాదకులకు,

మీ ఆరోగ్య పేజీలో పక్షవాతం గురించి వచ్చిన వ్యాసం చాలావరకు బాగుంది. మూతి వంకర పోయినా, ఒక చెయ్యి వాలిపోయినా, మాట ముద్దగా వస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లమని గట్టిగా చెప్పారు. పసరు వైద్యాల దగ్గరికి తిప్పి కాలం పోగొట్టుకోవద్దన్నారు. ఇబ్బందల్లా పక్కన బాక్సులో వేసిన రెండు వాక్యాలతోనే. ‘మొదటి గంటల్లో సీటీలో పక్షవాతం కనిపించదు కాబట్టి నేరుగా ఎంఆర్ఐ తీయించుకోవాలి’ అనేది ఒకటి. ‘స్కాన్ నార్మల్‌గా ఉంటే కంగారు పడనక్కర్లేదు’ అనేది రెండోది. మొదటిదానిలో సగం నిజం ఉంది, అందుకే అది ఎక్కువ చెడు చేస్తుంది. రెండోది పూర్తిగా తప్పు. ఈ స్కాన్లు తీసి, చదివి, వాటిని బట్టి చికిత్స మొదలుపెట్టే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాం.

పక్షవాతం రెండు రకాలు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడితే ఒక రకం, నాళం చిట్లి రక్తం కారితే రెండో రకం. ఎక్కువమందిది మొదటి రకమే. బయటికి రెండూ ఒక్కలాగే ఉంటాయి: అదే చెయ్యి పడిపోవడం, అదే మాట పోవడం. తలనొప్పి, వాంతులు, విపరీతమైన బీపీ ఉంటే రక్తస్రావం కావచ్చని అనుమానించగలం గానీ, ఎంత అనుభవం ఉన్న న్యూరాలజిస్టయినా పరీక్ష చేసి కచ్చితంగా తేల్చలేరు. చికిత్సలేమో ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ రక్తస్రావం ఉన్నవారికి ఇస్తే ప్రాణం పోతుంది. దారిలో ఎవరో చెప్పారని ఇంట్లో ఆస్పిరిన్ మింగించడం కూడా ఇందుకే తప్పు. పైగా మింగడం సరిగ్గా రాని మనిషికి మాత్రైనా, మంచినీళ్లైనా, కాఫీ అయినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కాబట్టి స్కాన్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ‘పక్షవాతం ఉందా’ అని కాదు. అది మనిషిని చూస్తేనే తెలుస్తోంది. ‘లోపల రక్తం ఉందా లేదా’ అన్నదే ప్రశ్న. డై ఎక్కించని మామూలు సీటీ దీనికి నిమిషాల్లో జవాబిస్తుంది. సీటీ చిత్రంలో ప్రతి చుక్కకూ, అక్కడి సాంద్రతను బట్టి, హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో ఒక అంకె ఉంటుంది. 1971లో లండన్‌లో మొదటి రోగి తలను స్కాన్ చేసిన యంత్రం తయారుచేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ పేరే దానికి పెట్టారు. నీరు 0, గాలి మైనస్ 1000. మెదడులోని బూడిద పదార్థం 35-40 దగ్గర, తెల్ల పదార్థం 25-30 దగ్గర ఉంటాయి. అప్పుడే గడ్డకట్టిన రక్తం 60-80 దాకా పోతుంది. అందుకే నల్లటి, బూడిదరంగు తెర మీద అది తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. పెద్ద రక్తస్రావం అయితే గది బయట నుంచి చూసినా తెలుస్తుంది. ఒక్క మెలిక ఉంది. రక్తాన్ని తెల్లగా చూపేది హిమోగ్లోబిన్‌లోని ప్రోటీనే. హిమోగ్లోబిన్ బాగా పడిపోయిన మనిషిలో కొత్త రక్తం కూడా మెదడు రంగులోనే కలిసిపోవచ్చు. రక్తహీనత ఇంతగా ఉన్న మన దగ్గర స్కాన్ చదివేవారికి హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా చెప్పాలి.

ఇక గడ్డ అడ్డుపడిన రకంలో సీటీ ఎందుకు నార్మల్‌గా ఉంటుంది? రక్తం ఆగగానే కణాలకు శక్తి అందదు. కణం గోడలో సోడియంను బయటికి తోసే పంపులు ఆగిపోతాయి. కణాల మధ్య ఉన్న నీరు కణాల్లోకి చేరుతుంది. మెదడులో మొత్తం నీరు పెరగలేదు, చోటు మారిందంతే. సీటీ కొలిచేది సాంద్రతను కాబట్టి దానికి ఈ మార్పు పట్టదు. తర్వాత గంటలు గడిచే కొద్దీ రక్తనాళాల నుంచి కొత్త నీరు ఊరుతుంది. నీరు 1 శాతం పెరిగితే సీటీ అంకె సుమారు 2.5 మాత్రమే తగ్గుతుంది. అంత చిన్న తేడా కంటికి ఆనాలంటే టైమ్ పట్టక తప్పదు. ఎంఆర్ఐలోని డిఫ్యూజన్ పద్ధతి కొలిచేది నీటి అణువుల కదలికను. కణాల్లో ఇరుక్కున్న నీరు కదలలేదు కాబట్టి ఆ భాగం నిమిషాల్లోనే తెల్లగా వెలుగుతుంది, దాని జంట చిత్రమైన ఏడీసీలో నల్లగా పడుతుంది. ఆ రెండూ జతగా చూడాల్సిందే. డిఫ్యూజన్‌లో మాత్రమే తెల్లగా ఉండి ఏడీసీలో నల్లగా లేకపోతే అది పాత మచ్చ కావచ్చు. 2007లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 356 మందికి రెండు స్కాన్లూ తీశారు. పక్షవాతం ఉన్నవారిలో 83 శాతం మందిలో ఎంఆర్ఐ దాన్ని పట్టుకుంది, సీటీ పట్టుకున్నది 26 శాతం మందిలోనే. మీ వ్యాసకర్త చెప్పిన సగం నిజం ఇదే.

మిగతా సగం ఏమిటంటే, చికిత్స మొదలుపెట్టడానికి పక్షవాతం సీటీలో కనిపించనవసరం లేదు. గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ పనిచేస్తుందని రుజువు చేసిన 1995 నాటి అమెరికా ట్రయల్ (3 గంటల లోపు), ఆ గడువును 4.5 గంటలకు పెంచిన 2008 నాటి యూరప్ ట్రయల్, రెండింటిలోనూ రక్తస్రావం లేదని తేల్చుకోవడానికి మామూలు సీటీయే ప్రధాన ఆధారం. చెయ్యి పడిపోయింది, షుగర్ పడిపోలేదు, సీటీలో రక్తం లేదు, గడువు దాటలేదు. చాలు, ఇంజెక్షన్ ఇవ్వొచ్చా లేదా అన్న లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. సీటీ శుభ్రంగా ఉందంటే ‘ఏమీ లేదు, ఇంటికెళ్లొచ్చు’ అని కాదు అర్థం. ‘మెదడు ఇంకా చావలేదు, మందు ఇవ్వడానికి ఇదే సమయం’ అని. ఈ ఒక్క ముక్కను తిరగేసి అర్థం చేసుకోవడం వల్ల జరిగే నష్టం ఇంతా అంతా కాదు. ‘సీటీ తీశాం, నార్మల్ అన్నారు, బీ కాంప్లెక్స్ ఇచ్చి పంపారు, మర్నాటికి పూర్తిగా పడిపోయాడు’ అనే మాట ఏ న్యూరాలజీ వార్డులో అడిగినా వినిపిస్తుంది.

నేరుగా ఎంఆర్ఐకి పోతే ఏమవుతుందో కూడా చూద్దాం. మామూలు పద్ధతిలో మెదడు ఎంఆర్ఐకి 20 నుంచి 40 నిమిషాలు పడుతుంది. దానికి ముందు పేస్‌మేకర్ ఉందా, మెదడులో పాత క్లిప్పు ఉందా, కంట్లో ఇనుప రజను పడిందా అని అడగాలి. మాట రాని మనిషి చెప్పలేడు, వెంట వచ్చినవారికి తెలియదు. ఇనుప ఆక్సిజన్ సిలిండర్ గదిలోకి తేకూడదు. వాంతులవుతున్న మనిషిని సొరంగం లాంటి గొట్టంలో పడుకోబెట్టి బయట నుంచి చూస్తూ ఉండాలి. కాలు చెయ్యి ఆడిస్తే చిత్రమంతా చెరిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. రాత్రిపూట ఎంఆర్ఐ టెక్నీషియన్ ఇంటి నుంచి రావాల్సిన ఊళ్లు చాలా ఉన్నాయి. పెద్ద నాళం మూసుకుపోయిన సగటు రోగిలో నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు. అరగంట ఆలస్యానికి 5.7 కోట్ల కణాలు. డిఫ్యూజన్, ఫ్లెయిర్ అనే ఇంకో రకం చిత్రం, రక్తం కోసం ఎస్‌డబ్ల్యూఐ, నాళాల కోసం ఎంఆర్ యాంజియో మాత్రమే తీసి 6-10 నిమిషాల్లో ముగించే ఏర్పాటు, రాత్రీపగలూ మనుషులు ఉన్న ఆసుపత్రిలో ఎంఆర్ఐతోనే మొదలుపెట్టినా తప్పులేదు. అలాంటివి ఉన్నాయి కూడా. మీ పత్రిక చదివేవారిలో ఎక్కువమందికి దగ్గర్లో ఉన్నవి మాత్రం అవి కావు.

సీటీ బల్ల ఎక్కించే ముందు ఒక్క పరీక్ష తప్పనిసరి: వేలికి గుచ్చి షుగర్ చూడటం. షుగర్ బాగా పడిపోతే అచ్చం పక్షవాతంలాగే ఒక పక్క పడిపోతుంది, గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చుంటారు. మిగతా రక్త పరీక్షల రిపోర్టుల కోసం స్కాన్ ఆపకూడదు. హెయిర్‌పిన్నులు, కమ్మలు, ముక్కుపుడక, కళ్లజోడు తీసేయాలి, లోహం చుట్టూ గీతలు పడి పక్కనున్న మెదడు కనబడదు. తల ఒక పక్కకు వాలితే రెండు అర్ధభాగాలూ ఒకే ఎత్తులో కోతకు రావు, లేని తేడా ఉన్నట్టు తోస్తుంది. కదిలే రోగికి మత్తు ఇచ్చేకంటే నుదుటికి పట్టీ వేసి, ఒక మనిషి సీసం ఆప్రాన్ వేసుకుని పక్కన నిలబడితే నయం. మత్తు ఇస్తే ఆ తర్వాత న్యూరాలజిస్టు పరీక్షకు విలువుండదు.

ఇప్పుడు అసలు విషయం. మామూలు సీటీ తీసి, రక్తం లేదని చూడగానే రోగిని బల్ల దించేయడమే మన దగ్గర జరిగే అతి పెద్ద పొరపాటని మా అభిప్రాయం. అదే బల్ల మీద, అదే క్షణంలో సీటీ యాంజియో, అంటే డై ఎక్కించి రక్తనాళాలను చూపే సీటీ, కూడా తీయాలి. అదనంగా పట్టేది దాదాపు ఐదు నిమిషాలు. ఛాతీలో మహాధమని వంపు నుంచి నడినెత్తి దాకా నాళాలన్నీ కనిపిస్తాయి. ఎందుకంత ముఖ్యమంటే, మెడలోని కెరోటిడ్ పైభాగం, మెదడు మధ్య ధమని మొదలు, వెనక వైపు బేసిలర్ లాంటి పెద్ద నాళాలు మూసుకుపోతే ఇంజెక్షన్ ఒక్కటే చాలాసార్లు సరిపోదు. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి గడ్డను లాగేయాలి. 2015లో వరసగా వచ్చిన ఐదు ట్రయల్స్ ఈ పద్ధతిని నిలబెట్టాయి. 2018లో డాన్, డిఫ్యూజ్-3 అనే ట్రయల్స్ తగిన రోగులను ఎంచుకుంటే 16 గంటల వరకు, ఇంకొందరికి 24 గంటల వరకు కూడా మేలు జరుగుతుందని చూపాయి. బేసిలర్ గడ్డలకు 2022లో చైనా నుంచి రెండు ట్రయల్స్ వచ్చాయి. ఇవన్నీ ఎవరికి ఉపయోగపడాలన్నా ముందు నాళం మూసుకుపోయిందని తెలియాలి. యాంజియో తీయకపోతే తెలియదు. 4.5 గంటలు దాటింది కాబట్టి ఏమీ చేయలేమని రోగిని పక్కన పెట్టడం ఈనాటి మాట కాదు.

యాంజియో చెడిపోయేది ఎక్కడంటే, చేతికి పెట్టే సూది దగ్గరే. డైని సెకనుకు 4-5 మిల్లీలీటర్ల వేగంతో, మొత్తం 60-80 మిల్లీలీటర్లు యంత్రంతో తోస్తారు, వెంటనే 40-50 మిల్లీలీటర్ల సెలైన్ తోస్తారు. కాజువాలిటీలో అలవాటు కొద్దీ మణికట్టు వెనక నీలం రంగు 22 గేజ్ క్యాన్యులా పెట్టి పంపుతారు. ఆ ఒత్తిడికి అది తట్టుకోదు. డై చర్మం కిందికి లీకై చెయ్యి వాచిపోతుంది, లేదా వేగం తగ్గించాల్సి వచ్చి నాళాలు మసగ్గా వస్తాయి. మోచేతి మడతలో పచ్చరంగు 18 గేజ్, కుదరకపోతే గులాబీ రంగు 20 గేజ్ పెట్టాలి. వీలైతే కుడిచేతికి పెట్టడం మేలు. ఎడమచేతి నుంచి పోయే చిక్కటి డై ఛాతీలో అడ్డంగా పోయే సిరలో నిలిచి, మహాధమని నుంచి పైకి లేచే నాళాల మొదళ్లను గీతలతో కప్పేస్తుంది. 108 సిబ్బంది దారిలోనే ఈ సూది పెట్టేస్తే ఆసుపత్రిలో కొన్ని నిమిషాలు మిగులుతాయి.

కిడ్నీల భయం ఒకటి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా డై ఇవ్వబోమని గంటసేపు ఆపే సెంటర్లు ఉన్నాయి. కిడ్నీ జబ్బు ఉన్నట్టు ముందే తెలియనివారికి ఆ రిపోర్టు కోసం ఆగకుండా యాంజియో తీయవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అమెరికన్ స్ట్రోక్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాలు చెబుతున్నాయి. డయాలసిస్ దాకా వెళ్లిన వ్యక్తి అయితే డాక్టరు, కుటుంబం కలిసి తూచుకోవాలి. మెదడు మాత్రం క్రియాటినిన్ కోసం ఆగదు. రేడియేషన్ సంగతీ అడుగుతారు. తల సీటీకి దాదాపు 2 మిల్లీసీవర్ట్‌లు. మట్టి, గాలి, ఆకాశం నుంచి ఏడాదిలో మనందరికీ ఎలాగూ అందేదానికి కాస్త తక్కువే.

యాంజియో వల్ల మన ప్రాంతానికి ఇంకో లాభం ఉంది. తెల్లజాతివారితో పోలిస్తే ఆసియా దేశాలవారిలో పుర్రె లోపలి నాళాలు సన్నబడటం ఎక్కువ. గడ్డ గుండె నుంచి కొట్టుకొచ్చిందా, నాళమే పూడిపోయిందా అన్నది చికిత్స చేసే చెయ్యి ముందే తెలుసుకోవాలి. లాగేసినా మళ్లీ మూసుకుపోయే నాళం వేరు, శుభ్రంగా తెరుచుకునేది వేరు.

మామూలు సీటీలో కూడా చూసే కన్ను ఉంటే కనిపించే ఆనవాళ్లు కొన్ని ఉంటాయి. బూడిద, తెల్ల పదార్థాల మధ్య గీత చెరిగిపోవడం, మెదడు పక్క మడతలో దాగి ఉండే ఇన్సులా దగ్గర సన్నని పట్టీ మాయమవడం, మెదడు లోతుల్లో ఉండే లెంటిఫార్మ్ అనే బూడిద ముద్ద అంచులు మసకబారడం, మెదడు మడతల సందులు పూడిపోవడం. గడ్డ ఉన్న ధమనే తెల్లటి తీగలాగా కనిపించడం ఇంకొకటి. 5 మిల్లీమీటర్ల కోతల్లో ఆ తీగ తప్పిపోతుంది, 1 మిల్లీమీటరు కోతలు తీయించి చూడాలి. అలాగని ప్రతి తెల్ల తీగా గడ్డ కాదు. ముసలివారి నాళాల్లో సున్నం పేరుకుంటుంది, రక్తం చిక్కగా ఉన్నవారిలో అన్ని నాళాలూ తెల్లగానే ఉంటాయి. రెండో పక్కతో పోల్చి చూస్తేనే నిజం తెలుస్తుంది. తెర మీద విండో, అంటే ఏ అంకెల మధ్య తేడాను నలుపు తెలుపుల్లో చూపాలన్న అమరిక, కూడా మార్చాలి. మామూలుగా వాడే 80 వెడల్పును 40కి కుదించి, మధ్య బిందువు 40 దగ్గర పెడితే అంతవరకూ కనపడని మసక తేలుతుంది. ఈ పని చేయకుండా ‘నో అబ్‌నార్మాలిటీ’ అని రాసిన రిపోర్టులు లెక్కలేనన్ని.

నష్టాన్ని అంకెల్లో చెప్పడానికి 2000లో కెనడాలోని కాల్గరీ బృందం ఆస్పెక్ట్స్ అనే స్కోరు ఇచ్చింది. మధ్య ధమని రక్తం అందించే ప్రాంతాన్ని పది ముక్కలు చేస్తారు: లోపలి భాగాలైన కాడేట్, లెంటిఫార్మ్, ఇంటర్నల్ క్యాప్సూల్, ఇన్సులా, మిగతా పైపొరలో ఆరు భాగాలు. పదితో మొదలుపెట్టి చెడిన ముక్కకు ఒకటి చొప్పున తీసేస్తారు. పది అంటే చెక్కుచెదరలేదు. ఆరు, ఆపైన ఉంటేనే గడ్డ లాగాలని మొదట్లో నియమం పెట్టుకున్నారు. 2022లో జపాన్, 2023లో చైనా, అమెరికా వంటి చోట్ల జరిగిన ట్రయల్స్ 3 నుంచి 5 ఉన్నవారిలో కూడా కొంతమందికి మేలు ఉందని చూపాయి. రిపోర్టులో ఈ అంకె రాయడానికి అర నిమిషం చాలు. రాస్తే అవతలి ఊళ్లో ఉన్న డాక్టరుకు ఫోన్లోనే సగం సంగతి అర్థమవుతుంది.

పెర్‌ఫ్యూజన్ సీటీ గురించి మీ వ్యాసం ఒక్క వాక్యంలో ‘అత్యాధునికం’ అని వదిలేసింది. దాదాపు 40 మిల్లీలీటర్ల డై ఇచ్చి, నిమిషం పాటు మెదడును పదేపదే స్కాన్ చేసి, డై ఎంత వేగంగా వచ్చి పోయిందో ప్రతి చుక్కకూ లెక్కగడతారు. కాలువ పైన అడ్డుకట్ట పడితే చివరి ఆయకట్టు పొలం ఒక్కసారిగా ఎండిపోదు. పక్క బోదెల నుంచి వచ్చే కొద్దిపాటి నీటితో కొన్నాళ్లు వాడిపోయి నిలుస్తుంది, ఆలోగా కట్ట తీస్తే పంట దక్కుతుంది. మెదడులోనూ గడ్డకు అవతల అప్పటికే చచ్చిన నడిమి భాగం ఉంటుంది, దాని చుట్టూ పక్క నాళాల రక్తంతో కొన ఊపిరితో ఉన్న భాగం ఉంటుంది. రక్తప్రవాహం ఆరోగ్యంగా ఉన్న పక్కతో పోలిస్తే 30 శాతం కన్నా తక్కువకు పడిపోయినచోటును చచ్చినదిగా, డై చేరడం 6 సెకన్లకు పైగా ఆలస్యమైనచోటును ప్రమాదంలో ఉన్నదిగా సాఫ్ట్‌వేర్ రంగులు వేస్తుంది. రెండింటి తేడా ఎంత ఎక్కువైతే దక్కించుకోగలిగింది అంత ఎక్కువ. ఆలస్యంగా వచ్చినవారిలో గడ్డ లాగాలా వద్దా అన్నది తేల్చడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఆ రంగుల పటాన్ని గుడ్డిగా నమ్మితే మాత్రం మోసపోతాం. గుండె బలహీనంగా ఉంటే డై మెల్లగా వస్తుంది, అది పూర్తిగా దిగేలోగా స్కాన్ ఆగిపోతే లెక్కలన్నీ తప్పుతాయి. మెడ నాళం ఏళ్ల తరబడి సన్నబడి ఉంటే ఆ పక్కంతా ఆలస్యంగానే కనిపిస్తుంది, అది కొత్త జబ్బు కాదు. పక్షవాతం వచ్చిన మొదటి గంటలోనే తీస్తే, తేరుకోగలిగిన భాగాన్ని కూడా చచ్చినట్టు చూపించే అవకాశం ఉంది. చిన్న నాళాల లాకునార్ పక్షవాతం అసలు కనిపించకపోవచ్చు. తల కదిలితే చెప్పనక్కర్లేదు. వెంటనే వచ్చిన రోగికి పెర్‌ఫ్యూజన్ లేదన్న కారణంతో ఇంజెక్షన్ ఆపడం తగదు.

ఎంఆర్ఐ నిజంగా అక్కరకొచ్చే చోట్లు వేరు. రాత్రి పదింటికి బాగానే పడుకున్న మనిషి తెల్లవారి ఐదింటికి చెయ్యి పడిపోయి కనిపిస్తే గడియారం ఐదు నుంచి మొదలవదు, పది నుంచి మొదలవుతుంది. చివరిసారి బాగున్న సమయమే లెక్క. అంటే గడువు దాటిపోయినట్టే. అయితే డిఫ్యూజన్‌లో మచ్చ వెలుగుతూ, ఫ్లెయిర్ అనే చిత్రంలో ఇంకా ఏమీ కనిపించకపోతే, జబ్బు మొదలై సుమారు 4.5 గంటల లోపే అయి ఉంటుందని ఊహించవచ్చు. 2018లో వేక్-అప్ అనే ట్రయల్ ఈ పద్ధతితో ఎంచుకున్న రోగులకు ఆల్టెప్లేజ్ ఇచ్చి మేలు చూపింది. కాసేపు మాట పోయి మళ్లీ వచ్చినవారికి, మూర్ఛ తర్వాత చెయ్యి పడిపోయినవారికి, అది పక్షవాతమో కాదో తేల్చుకోవడానికి కూడా ఎంఆర్ఐ కావాలి.

మెదడు వెనక భాగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెవి వెనక దట్టమైన ఎముకల మధ్య ఎక్స్-రే చెదిరి, మెదడు కాండం మీద సీటీలో అడ్డగీతలు పడతాయి. అందుకే అక్కడి పక్షవాతాన్ని సీటీ తరచూ వదిలేస్తుంది. ఉన్నట్టుండి కళ్లు తిరగడం, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, తాగినవాడిలా తూలడం ఉంటే, సీటీ నార్మల్ అని చెప్పి కళ్లు తిరిగే మాత్రలిచ్చి పంపకూడదు. డిఫ్యూజన్ ఎంఆర్ఐ కూడా ఇక్కడ మొదటి 24 గంటల్లో ఒక్కోసారి తప్పుతుంది. అనుమానం బలంగా ఉంటే మళ్లీ తీయాలి.

బాలింతల గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు. ధమనులు కాక, మెదడు నుంచి చెడు రక్తాన్ని తీసుకెళ్లే సిరలు మూసుకుపోయే జబ్బు ఒకటి ఉంది. కాన్పు తర్వాత వారాల్లో తలనొప్పి, మూర్ఛ, చెయ్యి పడిపోవడం కలిసి వస్తే ముందు దీన్నే అనుమానించాలి. కాన్పయినవారికి నీళ్లు తక్కువ తాగించే అలవాటు దీనికి తోడవుతుంది. మగవాళ్లకు రాదనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్ నిమ్స్ 2012లో ప్రచురించిన 428 మంది రోగుల వివరాల్లో సగానికి పైగా మగవాళ్లు. మామూలు సీటీలో నార్మల్‌గా ఉండొచ్చు, లేదా ధమనుల హద్దులకు లొంగని చోట రక్తం కలిసిన మచ్చ కనిపించొచ్చు. సిరలను చూపే సీటీ వీనోగ్రామ్ గానీ ఎంఆర్ వీనోగ్రామ్ గానీ తీయాల్సిందే. విచిత్రమేమంటే, ఇక్కడ మెదడులో కొంత రక్తం కనిపించినా చికిత్స రక్తం పలచన చేసే హెపారినే. స్కాన్ కోరేటప్పుడు ‘బాలింత’ అని రాయకపోతే చదివేవారు సిరల వైపు చూడకపోవచ్చు.

మళ్లీ స్కాన్ అనగానే డబ్బు గుంజడానికేనని కుటుంబసభ్యులు గొడవపడతారు. అన్ని సందర్భాల్లో అది నిజం కాదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాక 24 గంటలకు సీటీ తీసి, రక్తం లేదని చూశాకే ఆస్పిరిన్ మొదలుపెడతారు. రక్తస్రావం రకంలో మొదటి గంటల్లోనే రక్తపు ముద్ద పెరగొచ్చు, అందుకే రెండో సీటీ. గడ్డ లాగిన తర్వాత మిగిలిన డై కూడా రక్తంలాగే తెల్లగా కనిపిస్తుంది, అదీ మర్నాటి సీటీతో తేలుతుంది. రెండో ఆసుపత్రికి చేరగానే మొదటి సీటీనే యథాతథంగా మళ్లీ తీయడం మాత్రం చాలాసార్లు అనవసరం. దానికి కారణం వైద్యం కాదు, చిత్రాలు చేరకపోవడం.

ఫిల్మును ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టుకుని ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. ఫిల్మ్ మీద విండో ఒక్కటే, మార్చలేం. దాని మీద లైటు మెరుపు, ఆపైన వాట్సాప్ కుదింపు. మేం పైన చెప్పిన మసక ఆనవాళ్లు ఒక్కటీ మిగలవు. రక్తం ఉంటే తెలుస్తుంది, అంతే. గత్యంతరం లేకపోతే స్కాన్ సెంటర్ మానిటర్ మీద కోతలు ఒక్కొక్కటిగా జరుపుతూ వీడియో తీయడం ఫిల్ము ఫొటో కంటే ఎంతో మేలు. సరైన పద్ధతి మాత్రం డైకామ్ ఫైళ్లను, అంటే స్కానర్ తీసిన అసలు చిత్రాలను, లింకు ద్వారా పంపడం, సీడీలో కాపీ చేసి రోగితో పాటే అంబులెన్సులో పెట్టడం. ప్రింటు తీసే ఫిల్ము కోసం బంధువు ఒకరు కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే అంబులెన్సు కదలకుండా ఉండటం అన్యాయం. రిఫరల్ చీటీ మీద నాలుగు సంగతులు రాస్తే చాలు: చివరిసారి బాగున్న సమయం, సీటీ తీసిన సమయం, ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే మందు పేరు, మోతాదు, సమయం, పేస్‌మేకర్ లాంటివి ఉన్నాయా లేదా.

స్కానర్‌నే రోగి దగ్గరికి తీసుకెళ్లే ప్రయత్నాలూ జరిగాయి. జర్మనీలోని హోంబుర్గ్‌లో అంబులెన్సులోనే సీటీ యంత్రం అమర్చి 2008 ప్రాంతంలో మొదలుపెట్టారు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అసోంలో అలాంటి వాహనాన్ని నడిపించింది. మన్యానికీ, నల్లమల చుట్టుపక్కల మండలాలకూ అది పనికొస్తుందేమో ప్రభుత్వాలు ఆలోచించుకోవాలి. ఈలోగా ఉన్న యంత్రాలను రాత్రిపూట కూడా నడిపిస్తే దాని కంటే ముందు ఫలితం వస్తుంది.

మీరు ఆ బాక్సుకు సవరణ వేస్తారని ఆశిస్తున్నాం. దానితో పాటు జిల్లా ఎడిషన్లలో ఒక పట్టిక వేయగలిగితే మంచిది. మీ విలేకరులు ప్రతి జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు రాత్రి రెండు గంటలకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి. ఇప్పుడు సీటీ తీస్తారా? అదే బల్ల మీద యాంజియో తీసేందుకు ఇంజెక్టర్, టెక్నీషియన్ ఉన్నారా? గడ్డ కరిగించే మందు ఫ్రిజ్‌లోనో అల్మారాలోనో సిద్ధంగా ఉందా, లేక బయట కొనుక్కురమ్మంటారా? పగలు పదింటికి అడిగితే అందరూ ఉందనే అంటారు.

ఇట్లు,
పక్షవాత చికిత్సలో పనిచేస్తున్న రేడియాలజీ, న్యూరాలజీ వైద్యులు